మొదటి ముద్ద ఆయనదే

ఉప్పు డబ్బా మూత తీశాను, లోపలికి చూశాను, మళ్ళీ మూత పెట్టేశాను. అంతే, అయిపోయింది, ఇంత తేలికా అనిపించింది, ఇన్నేళ్ళూ ఈ డబ్బా ముందు గుప్పిలి మూస్తూ తెరుస్తూ నిలబడ్డానే, ఇంతోటి దానికా. కూర ఉడుకుతోంది. చిక్కుడు గింజలూ బంగాళాదుంపలూ వాటి మానాన అవి కుతకుతలాడుతున్నాయి, తమలో ఉప్పు పడలేదన్న సంగతి వాటికి పట్టలేదు. ఇంకో గంటకో, అంతకంటే ముందో ఇది బల్ల మీదికి వెళుతుంది, మామగారు మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటారు, నములుతారు, నా మొహంలోకి ఒకసారి చూస్తారు, ఉప్పు సంగతి చెబుతారు. ఆయన చెప్పేదాకా ఈ ఇంట్లో ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు, ఆకలితో ప్రాణం పోతున్నా సరే, కూర చల్లారి నీరుగారిపోయినా సరే. కుదిరింది అంటే తినొచ్చు. తక్కువైంది అంటే గిన్నె మళ్ళీ పొయ్యెక్కాలి, ఉప్పు వేసి ఉడికించి తేవాలి, అంతవరకూ నలుగురూ చేతులు ముడుచుకుని కూర్చోవాలి, ఎందుకంటే పచ్చి ఉప్పు పైన చల్లుకోవడం ఈ ఇంట్లో లేదు, ఉప్పు డబ్బా వంటగది గడప దాటడం ఈ ఇంట్లో లేదు. ఎక్కువైంది అంటే ఇక చెప్పేదేముంది, వాళ్ళు కిమ్మనకుండా తినడమే, నేను తల దించుకుని నిలబడడమే. వండే మనిషి రుచి చూడడం కూడా లేదు. ఆయన తినకముందు గరిటె నా నోటి దగ్గరికి వెళ్ళిందంటే వంటంతా ఎంగిలే. ఎవరు పెట్టారో ఈ ఆచారం, ఆయన తండ్రో, తాతో, ఎవరైతేనేం, పొయ్యి దగ్గర ఒక్క పూటా నిలబడని మనిషే పెట్టి ఉంటాడు.

అందుకే ఇన్నాళ్ళూ నా దగ్గర సమాధానం లేకపోయింది. ఎక్కువైంది అని ఆయన అంటే, లేదండీ, సరిగ్గానే వేశాను అని ఏ మొహం పెట్టుకుని అనను, నేను రుచి చూడలేదు కదా. అందరూ లేచాక మిగిలింది తినేటప్పుడు నా నోటికి సరిపోయినట్టే ఉండేది. ఒకసారి ఉండబట్టలేక ఆ మాటే పైకి అన్నాను కూడా, దానికాయన ఎంతో జాలిగా, నీ నాలుక మొద్దుబారిపోయిందమ్మాయ్ అన్నారు. నిజమే కాబోలు అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను. ఇవాళ మాత్రం అనుకోవడాలు లేవు, గుప్పిట్లోకి ఎంత వచ్చింది, వేళ్ళ సందుల్లోంచి ఎంత జారింది అన్న గోల లేదు. అసలు వెయ్యలేదు. నా వంట గురించి ఇంత కచ్చితంగా నాకెన్నడూ తెలియలేదు. ఆయన ఎక్కువైంది అంటారు. అంటారని నాకు తెలుసు, అనాలనే వండుతున్నాను, అన్న తర్వాత మిగతా ముగ్గురూ, మా ఆయనా మరిదీ నా కూతురూ, ముద్ద నోట్లో పెట్టుకుంటారు, వాళ్ళకి నాలుకలున్నాయి, అప్పుడు తేలుతుంది ఈ ఇంట్లో మొద్దుబారింది ఎవరి నాలుకో.

ఇవాళే ఎందుకంటే ఇవాళ ఆదివారం, వార్డెనమ్మ ఫోన్ చేస్తానన్న రోజు. మా వీధి చివర పచ్చ గేటు హాస్టలు ఉంది, నర్సింగు చదివే ఆడపిల్లలది. వాళ్ళ వంటమనిషి చెప్పాపెట్టకుండా మానేసింది. వార్డెనమ్మ కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి మా ఆయన దుకాణానికి వచ్చి, మీ ఆవిడ నాలుగు రోజులు సాయం చేస్తారేమో అడగండి అంది. మా ఆయన బయటివాళ్ళ మాట కాదనలేడు, ఇంట్లోవాళ్ళ మాటా కాదనలేడు, ఒక్క నా మాటే సునాయాసంగా కాదనగలడు. వెళ్ళాను. నాలుగు రోజులన్నది రెండు వారాలైంది. అక్కడ ప్రతి బల్ల మీదా ఒక ఉప్పు సీసా ఉంటుంది. మొదటిరోజు ఒక పిల్ల కూర నోట్లో పెట్టుకోకుండానే సీసా తలకిందులు చేసి చల్లేసుకుంది, ఏమవుతుందోనని చూస్తున్నాను, ఏమీ కాలేదు. ఆ పిల్ల పక్కపిల్లతో ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ తినేసి, అక్కా, ఇంకాస్త వెయ్యవా అని కంచం చాపింది. ఆ ఒక్క మాటకి వంటగదిలోకి వచ్చి తలుపు చాటున ఏడ్చాను. ఎంత సిగ్గుమాలిన ఏడుపో, ఇంత వయసొచ్చి, కూర బాగుందన్నందుకు ఏడ్చే మనిషిని నన్ను నేనే చూసుకోలేకపోయాను. ఆఖరి రోజున వార్డెనమ్మ, ఇక్కడే ఉండిపోండి, వంటగది మొత్తం మీ చేతిలో పెడతాను, ఆదివారం భోజనాల వేళకి ఫోన్ చేస్తాను, అప్పుడైతే మీవాళ్ళందరూ ఇంట్లో ఉంటారు, ఏదో ఒకటి తేల్చి చెప్పండి అంది. ఇంటికొచ్చి ఆ మాట అందరి చెవినా వేశాను. మామగారు ఔననలేదు, కాదనలేదు. ఆ మర్నాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, ఇంట్లో నలుగురికి ఉప్పు కుదరని మనిషి అక్కడ అంతమందికి ఏం వండిపెడుతుంది, ఆదివారం దాకా చూద్దాం అన్నారు. అప్పట్నుంచి ఏ పూటా కుదరలేదు. ప్రతి పూటా ఎక్కువే. ప్రతి పూటా మా ఆయన తల ఊగింది.

కూర అడుగంటకుండా కలిపాను. ఉల్లిపాయ వాసన బాగానే వస్తోంది, వాసనకి ఉప్పుతో పని లేదు కాబోలు. ముందుగదిలో టీవీ వార్తల గొంతు, దాని మీద మామగారి గొంతు, వార్తలు చదివే మనిషిని కూడా ఆయన మధ్య మధ్య సరిదిద్దుతుంటారు. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన బజారులో నడుస్తుంటే కొట్లవాళ్ళు తక్కెళ్ళు తుడుచుకునేవాళ్ళని మా అత్తగారు గొప్పగా చెప్పేది. దొంగ తూకపు రాయిని అరచేతిలో పెట్టుకుని చూడకుండానే ఇంత తక్కువ అని చెప్పేవారట. అలాంటి మనిషి నాలుక మీద ఎవరికి అనుమానం వస్తుంది, నాకూ రాలేదు, ఆ మధ్య ఆయనకి జ్వరం వచ్చేదాకా. జ్వరం తగ్గినా గొంతు మంట తగ్గలేదు, పుక్కిలించడానికి గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కలిపి గ్లాసుతో పెట్టాను, పక్కనే మాత్ర వేసుకోవడానికి మంచినీళ్ళ గ్లాసు. ఆయన మాత్ర నోట్లో వేసుకుని ఉప్పునీళ్ళ గ్లాసు ఎత్తి చివరి చుక్క వరకూ తాగేశారు. మూతి తుడుచుకుని, నీళ్ళు ఇంకాస్త కాగాల్సిందమ్మాయ్ అన్నారు. తర్వాత ఒకరోజు చక్కెర వెయ్యని టీ ఇచ్చి చూశాను, హాయిగా తాగారు. పోయింది, ఆ మనిషికి రుచి పోయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఎందుకంటే అంతకుముందు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునే మనిషి, అప్పట్నుంచి కళ్ళు తెరిచి నా మొహంలోకి చూడడం మొదలుపెట్టారు.

నాకు జాలేసింది. చెప్పుకుంటే నవ్వుతారు గానీ నిజంగానే జాలేసింది, ఉద్యోగం పోయింది, భార్య పోయింది, ఈ ఒక్క ముద్ద దగ్గరే కదా ఆయన ఇంకా ఇన్‌స్పెక్టరు, ఇది కూడా పోతే ఆయనకి ఏం మిగులుతుంది అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా జాలికి ఆయన ఇచ్చిన బదులు నెమ్మదిగా అర్థమైంది. నేను నవ్వుతూ వడ్డించిన రోజు ఎక్కువైంది. ఏదో పాట కూనిరాగం తీస్తూ వంట చేసిన రోజు మరీ ఎక్కువైంది. కళ్ళు వాచి, మొహం వేలాడేసుకుని వడ్డించిన రోజు కుదిరింది. మా అమ్మ పోయి, ఆ కార్యం ముగించుకుని తిరిగొచ్చాక, ఎన్ని రోజులు వరసగా కుదిరిందో. అమ్మలేని నా మొహం ఆయన నోటికి అంత రుచిగా ఉందన్నమాట. అది తెలిసిన రోజు అరికాలి మంట నెత్తికెక్కింది, అయినా గిన్నెలు కడిగాను, పొయ్యి తుడిచాను, మర్నాటికి గింజలు నానబోశాను.

మా అమ్మ అలా కాదు. పొయ్యి మీది కూర గరిటెతో కాస్త తీసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, నా అరచేతిలో వేసి, ఏమే, సరిపోయిందా అని అడిగేది. నేను స్టూలెక్కితే గానీ పొయ్యి అందని వయసులో కూడా అడిగేది. నేను నాకి, కళ్ళు పైకెత్తి, ఎంతో ఆలోచించి, ఇంకో చిటికెడు అనేదాన్ని, ఆవిడ నిజంగానే వేసేది. ఇప్పుడనిపిస్తుంది, ఆవిడకి తెలియక కాదు, నన్ను అడగడం ఆవిడకిష్టం. ఆ ఒక్క సుఖం మళ్ళీ నాకు నా కూతురితోనే దక్కింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని అరచేతిలో ఇంత కూర వేస్తాను, అది నాకి, తాతయ్య కుర్చీ వైపు దొంగచూపు చూసి, గుసగుసగా చెబుతుంది, అమ్మా, సరిపోయింది, లేకపోతే, అమ్మా, ఇంకొంచెం. దాని నాలుక కత్తి. ఒక్క ఉప్పుగల్లు తేడా వచ్చినా పట్టేస్తుంది. ఈ ఇంట్లో దానికీ నాకూ మధ్య ఉన్న ఒకే ఒక్క రహస్యం అది, అందులో దొంగతనం ఏమైనా ఉందా అంటే చిటికెడు కూర. ఇందాక కూడా వచ్చింది, కాలేజీలో చేరినా ఇంకా చిన్నపిల్లలాగే అరచెయ్యి చాపింది. ఇవాళ వద్దులే అన్నాను. ఎందుకమ్మా అంది. వద్దన్నానా అని గట్టిగా అన్నాను, దాని మొహం చిన్నబోయింది. ముందే తెలిస్తే అది భయపడుతుంది, అదీగాక ముందే చెబితే నేను నేర్పించి చెప్పించినట్టవుతుంది. దాని నాలుక సంగతి నాకు తెలుసు, దాని నోట నిజం దానంతటదే రావాలి. మిగతా ఇద్దరి మీదా నాకు పెద్ద ఆశ లేదు. దాని మీద ఉంది.

కుక్కర్ మూత తీశాను, అన్నం ఆవిరి మొహానికి కొట్టింది, ఈ ఆవిరిలోనే మా అత్తగారి మొహం ఎప్పుడూ కనబడేది. ఆవిడ ఇదే పొయ్యి ముందు జీవితమంతా నిలబడింది. నేను కొత్తగా వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని డబ్బాలో పెట్టి, గుప్పిలి ఇలా మూసి ఇలా తియ్యాలి, ఇంతే, దీని మీద ఒక్క గల్లు ఎక్కువ పడకూడదు అని చూపించింది. ఆవిడ చేతి మీద చెమట పట్టి ఉంది. ఇంతకాలం తర్వాత కూడా ఆవిడకి చెమట పడుతోందేమిటా అనుకున్నాను అప్పుడు. చివరిసారి ఆస్పత్రిలో చేరినప్పుడు డాక్టరు ఉప్పు పూర్తిగా మానిపించాడు, అక్కడివాళ్ళు చప్పిడి గంజి ఇచ్చేవాళ్ళు. నేను చెంచాతో పట్టిస్తుంటే తాగి, పడుకుని, కప్పు వైపు చూస్తూ, దీనికెవరూ ఏమీ అనరు కదే, హాయిగా ఉంది అంది. ఆవిడ నవ్వింది. ఆవిడ పళ్ళు కనబడేలా నవ్వడం అదే మొదటిసారి చూడడం, మళ్ళీ చూసే అవకాశం రాలేదు. ఇవాళ చప్పిడి కూర వండుతుంటే ఆవిడే పక్కన నిలబడినట్టుంది, చెయ్యి పొడిగా.

కుర్చీలు లాగుతున్న చప్పుడు. మామగారిది ముందు, అది బరువైన కుర్చీ, నేల గీసుకుపోయినట్టు మోగుతుంది. తర్వాత మరిదిది, బస్సు డిపోలో పనిచేస్తాడు, ఆదివారం కూడా ఖాకీ ప్యాంటు వదలడు, మనిషి మంచివాడే, ప్రతిదానికీ ఒక జోకు వేసి తప్పించుకునే మంచితనం. దాని పక్కన నా కూతురిది. చివరిగా మా ఆయనది, చప్పుడు లేకుండా ఎత్తి పెట్టుకుంటాడు. ఆయన దుకాణంలో పనిచేస్తుంటే చూడాలి. కళ్ళు మసకలని ఎవరొచ్చినా కూర్చోబెట్టి, అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడుగుతాడు, వాళ్ళు తేల్చుకోలేకపోతే విసుక్కోడు, మళ్ళీ మొదట్నుంచి, ఇది బాగుందా, అది బాగుందా. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను, కళ్ళు బాగానే ఉన్నాయి, ఊరికే, ఆ ప్రశ్న నన్ను కూడా అడుగుతాడని. అడిగాడు. తర్వాత ఇంట్లో ఎప్పుడూ అడగలేదు, ఏ విషయంలోనూ. హాస్టలు సంగతి చెప్పినప్పుడు కూడా నీకెలా ఉంది అనలేదు, నాన్నేమంటారో అన్నాడు.

గిన్నెలు పట్టుకెళ్ళాను. వడ్డించాను. నలుగురి కంచాల్లోనూ అన్నం, కూర, ఎవరి చెయ్యీ కదల్లేదు. ఫోన్ ముందుగదిలో చిన్నబల్ల మీద ఉంది, ఇక్కడికి దాని తీగ కనిపిస్తోంది. వాసన అదిరింది వదినా అన్నాడు మరిది. మామగారు నిదానంగా కలిపారు, ముద్ద చేశారు, నోట్లో పెట్టుకున్నారు, నములుతూ తలెత్తి నా మొహంలోకి చూశారు. నేను నవ్వాను. కావాలనే, హాస్టల్లో పిల్లలకి వడ్డించేటప్పుడు నవ్వినట్టు, మనసారా నవ్వాను. ఆయన నమలడం ఆపారు.

“ఎక్కువైంది,” అన్నారు.

ఎంత సంతోషమేసిందో, చిక్కారు, దొంగ తూకంతో చిక్కారు అని. మామయ్యగారూ, ఇందులో అసలు ఉప్పే లేదు అన్న మాట నాలుక చివర ఉంది. కానీ అది నేనంటే కోడలి పొగరవుతుంది. వాళ్ళనాలి. ఆచారం ప్రకారం ఇప్పుడు అందరూ తినొచ్చు, తింటున్నారు. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, దవడ ఆగింది. నేను చూశాను. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది, ఆయన కళ్ళెత్తి నన్ను చూశాడు, ఆ చూపులో అంతా ఉంది, ఉప్పు లేదని తెలిసింది, కావాలని వెయ్యలేదని తెలిసింది, ఎందుకో కూడా తెలిసింది. ఒక్క క్షణం నాకు ఆ దుకాణం కుర్చీ గుర్తొచ్చింది. తర్వాత ఆయన కళ్ళు కంచంలోకి దించుకున్నాడు.

“అవును నాన్నా, కాస్త ఎక్కువే పడింది,” అన్నాడు.

మరిది ఒక ముద్ద తిన్నాడు, దగ్గాడు, అన్న వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, వదిన చెయ్యి ఇవాళ మరీ ధారాళంగా ఉంది అని నవ్వించబోయాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. అంటే ఇన్నాళ్ళూ వాళ్ళకి తెలుసు. కుదిరిన రోజున ఎక్కువైందన్నప్పుడు కుదిరిందని తెలుసు, తెలిసే తల ఊపారు, హాయిగా కడుపు నిండా తిని నన్ను తల దించుకోనిచ్చారు. ఆయనకి రుచి పోయిన సంగతి నాకొక్కదానికే తెలుసనుకుని, లోకానికంతటికీ దాచిపెట్టాననుకుని, ఎంత మురిసిపోయాను నా జాలికి. ఇంకొక్కరున్నారు, నా బంగారుతల్లి ఉంది. మామగారే దాని వైపు తిరిగారు, సాక్షిని పిలిచినట్టు.

“నువ్వు చెప్పమ్మా. మీ నాన్నా బాబాయీ నాకు భయపడి అంటున్నారేమో. ఎక్కువైందా, లేదా?”

అది అప్పటికే తిన్నది. దానికి తెలిసిపోయింది, నాలుక మీద పడగానే తెలిసిపోయి ఉంటుంది. ఇందాక వంటగదిలో ఎందుకు వద్దన్నానో కూడా అర్థమైనట్టుంది, కళ్ళు పెద్దవి చేసి నా వంక చూసింది. చెప్పు తల్లీ, ఒక్క మాట, అరచేతిలో కూర నాకి చెప్పినట్టు గుసగుసగా చెప్పినా చాలు. అది తాతయ్య వంక చూసింది. నాన్న వంక చూసింది. కంచంలోకి చూసింది.

“అవును తాతయ్యా. ఎక్కువైంది.”

ఎంత చక్కగా అంది, ఎక్కడా తడబడలేదు. ఇక ఆ హాస్టలు మాట మర్చిపో అమ్మాయ్ అని ఆయన అంటుండగానే ఫోన్ మోగింది. భోజనం మధ్యలో ఎవరూ లేవకూడదు, అదీ ఆచారమే, కానీ లేవడానికి నేను కూర్చుంటే కదా. వెళ్ళి ఎత్తాను. వార్డెనమ్మ, ఏం తేల్చారండీ అంది. వస్తానండీ, రేపు పొద్దున్నే వస్తాను అన్నాను, లోపలికి వినబడేలాగే అన్నాను. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అని అడిగింది. అందరిదీ ఒకటే మాటండీ అని పెట్టేశాను. అనుకున్నంత సంతోషం రాలేదు. అసలు ఏమీ రాలేదు.

వంటగదిలోకి వెళ్ళి ఉప్పు డబ్బా తీసుకుని గడప దాటాను. మామగారి చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. నా కూతురి పక్కన నిలబడి, చెయ్యి చాపవే అన్నాను. అది చాపలేదు, ఎడమచెయ్యి బల్ల కింద దాచుకుంది. దాని కంచం అంచున చిటికెడు ఉప్పు పెట్టాను. నా కూతురు ఆ తెల్లటి చిటికెడు వైపు చూసింది. తర్వాత చిటికెనవేలితో ఆ ఉప్పుని కంచం అంచు మీదుగా మెల్లగా బయటికి తోసేసి, చప్పిడి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, తాతయ్యకి కనబడేలా మొహం చిట్లించి, నా వంక చూడకుండా, అమ్మా, నీళ్ళు అంది.

పోశాను.